వీపు మీద పాలు

చిక్కబళ్ళాపురం జిల్లా అయిన మరుసటి ఏడు నాగపంచమికి భాగ్య ఏడు నెలల పాపను ఎత్తుకుని చింతామణి నుంచి పుట్టింటికి వచ్చింది. బస్సు దిగిందో లేదో తల్లి మునిరత్నమ్మ పాపను లాగేసుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు కూతురి కడుపు పండింది మరి. ఆ ముసలమ్మ కాలు నేల మీద నిలిస్తే ఒట్టు.

కోడలు నయన వంటింటి గడప దగ్గరే ఆగిపోయింది. చేతులు కడుక్కుంది, కొంగుకు తుడుచుకుంది, మళ్ళీ కడుక్కుంది. పరుగెత్తుకెళ్ళి ఎత్తుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. మేనమామ భార్యకు ఇంత ఆత్రమేమిటని ఎవరైనా అంటే?

భాగ్య అండాలు పనికిరావని బెంగళూరు డాక్టరమ్మ తేల్చేసినప్పుడు, నావి తీసుకోండని ముందుకొచ్చింది నయనే. వదినకు తోడుగా వెళ్తున్నానని అత్తకు చెప్పి పొద్దుటి రైలెక్కేది. సూదులన్నీ ఓర్చుకుంది. ఆ అండాన్ని భాగ్య భర్త బీజంతో కలిపి భాగ్య కడుపులో పెట్టారు. మోసిందీ కన్నదీ భాగ్యే. రెండు జంటలకు తప్ప సంగతి మరెవరికీ తెలియదు. బిడ్డ ఎవరిదని ఊరు ఆరా తీస్తుందని భయపడి, చచ్చినా చెప్పకూడదని భాగ్య అందరిచేతా ఒట్టు వేయించింది. నయన నవ్వుతూనే వేసింది. పాప బుగ్గన తన సొట్టే పడుతుందని అప్పుడామెకేం తెలుసు!

పుట్టలో పాలు పోశారు. తోడబుట్టినవాడు చల్లగా ఉండాలని భాగ్య ఆనవాయితీగా పువ్వును పాలలో ముంచి తమ్ముడు, నయన భర్త మంజునాథ వీపు కడిగింది. అందరూ లేవబోతుంటే మునిరత్నమ్మ తాంబూలం బయటికి తీసింది. నయన కొడుకు, ఐదేళ్ళ మనవడు సునీల్‌ను తనే పాప పక్కన కూర్చోబెట్టింది.

"మేనత్త కూతురు, మేనమామ కొడుకు. ఇంక బయట యాడ వెతికేది? నాగప్ప ముందర మాటిచ్చుకోండి. ఇచ్చినాక మన ఇంట్లో తప్పినోళ్ళు లేరు."

భాగ్య తల దించుకుంది. మంజునాథ గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. మగవాడి ధైర్యం అంతవరకే వచ్చింది.

నయనకు ఒక్క క్షణం ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. పిల్ల తన ఇంటికే వస్తుంది. తనచేత జడ వేయించుకుంటుంది, తన చేతి ముద్ద తింటుంది. ఎవరి దగ్గరా దాచకుండా నా పిల్ల అనుకోవచ్చు. మరుక్షణం కళ్ళు సునీల్ మీద పడ్డాయి. పక్కపక్కన కూర్చున్న ఆ ఇద్దరూ తన రక్తమే.

ఆమె పాపను ఒళ్ళోకి తీసుకుంది. చిన్ని పిడికిట్లో పువ్వు పెట్టి, పాలలో ముంచి, సునీల్ చొక్కా పైకెత్తి వాడి వీపు కడిగించింది.

"ఏం చేస్తాండావే? అది చెల్లెలు చేసే పని!" మునిరత్నమ్మ కేకేసింది.

"చెల్లెలే అత్తా. వీనికి ఆడతోడు లేదు గదా. ఇంక ఈ పిల్లే."

"ఇంటికొచ్చే కోడల్ని చేతులారా పోగొట్టుకుంటివే! నాగప్ప ముందర వీపు కడిగినాక ఇంకేం పెండ్లి? నీకేమన్నా పిచ్చా?"

నయన పాప చేతికంటిన పాలు తుడిచింది. భాగ్య కొంగు చాటున ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

సాయంత్రం భాగ్యనూ పాపనూ ఎక్కించుకుని చింతామణి బస్సు కదిలింది.

"అమ్మా, చెల్లెలు మన ఇంట్లోనే ఉండదా?" అన్నాడు సునీల్.

"ఉండదు నాయనా. పంచమికి వస్తాది."

నయన వాడి చొక్కాలోకి చెయ్యి పోనిచ్చింది. పాలు ఆరి వీపు జిగటగా ఉంది. బస్సు మలుపు తిరిగాక కూడా ఆ చెయ్యి తీయలేదు.