ఇంటికి రెండు ఓట్లు

తార్నాకలో మా అద్దె ఇంట్లో నేను పెసరట్టుకు పిండి రుబ్బుతున్నాను. మా ఆయన సోమయాజులు పేపరు మడుస్తూ అన్నారు: "విశాలాక్షీ, ఇవాళ సెమినార్లో నీ వ్యాసం నేనే చదువుతాను. హెడ్డుగారు కూడా అదే బాగుంటుందన్నారు."

యూనివర్సిటీలో మా ఇద్దరిదీ ఒకే డిపార్ట్‌మెంటు. సహకార వ్యవసాయం నా విషయం. 1966లో ఇజ్రాయెల్‌కు శిక్షణకు వెళ్లి, కొచ్చి నుంచి వలస పోయిన యూదులు కట్టుకున్న ఒక చిన్న ఊళ్లో మూడు నెలలు ఉన్నాను. "ఆ మూణ్ణెల్లూ నా కొడుకు హోటలు కూడు తిన్నాడు" అని అత్తగారు ఇప్పటికీ వచ్చినవాళ్లకల్లా చెబుతారు. రెండేళ్లు కూర్చుని ఆ ఊరి మీద వ్యాసం రాశాను.

"రాసింది నేను కదండీ."

"కాదన్నానా? నీ పేరు చెబుతాగా. ఎవరు చదివితే ఏం, ఇల్లొకటే కదా!"

నేను రుబ్బుతూనే ఉన్నాను. ఆ ఊళ్లో ఎవరి ఇల్లు వారిది, ఎవరి పొలం వారిది. విత్తనాలు కొనడం, కోడిగుడ్లు అమ్మడం సంఘం పని. నాకు భోజనం పెట్టిన సారా అనే ఆవిడ తెల్లవారకముందే కోళ్లకు మేత వేసి, వచ్చి వంట చేసేది. అక్కడా పొయ్యి ఆడదానిదే. అదీ రాశాను. కానీ సంఘంలో భర్తకో ఓటు, భార్యకో ఓటు. ట్రాక్టరు కొందామని ఆమె భర్త చెయ్యెత్తాడు. వద్దని సారా చెయ్యెత్తింది. వద్దన్నవాళ్లే ఎక్కువై ట్రాక్టరు రాలేదు. ఇంటికొచ్చి పక్కపక్కన కూర్చుని తిన్నారు. ఆయనకు కోపం రాలేదా అని అడిగాను. "వచ్చింది. రేపటికి పోతుంది. ఓటు వదిలేస్తే మళ్లీ వస్తుందా?" అంది, వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆర్ట్స్ కాలేజీలో సెమినార్ గది నిండింది. హెడ్డుగారు మా ఆయన్ను పిలిచి, నా వైపు తిరిగారు. "అమ్మా, టీ సంగతి కాస్త చూడు."

అటెండరు రాజన్న కెటిల్‌తో గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మా, చాయ్ ఇప్పుడే పొయ్యాల్నా, జర ఆగాల్నా?"

"సార్లను అడుగు రాజన్నా. నేను చదవాలి."

ముందుకు నడిచి, మా ఆయన ముందు చెయ్యి చాచాను. "నా వ్యాసం ఇవ్వండి."

ఆయన హెడ్డుగారి వైపు చూశారు. హెడ్డుగారు కిటికీ వైపు చూశారు. కాగితాలు నా చేతికొచ్చాయి.

చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీకి వచ్చేసరికి వెనక బెంచీల వాళ్లు రాసుకుంటున్నారు. రాజన్న కప్పులు నింపి, అందించేవాళ్లు లేక నిలబడితే, మా ఆయన లేచి వరసల వెంట అందిస్తూ పోయారు.

సాయంత్రం ఇద్దరం తార్నాకకు నడుస్తున్నాం. ఆయన అడిగారు: "అమ్మ అడిగితే ఏం చెప్తావు?"

"నేను చదివాను, మీరు టీ ఇచ్చారు అని."