హద్దురాయి మీద కూర్చున్న అన్న

శనివారంలోపు చేయాల్సినవి: ఉపవాచకంగా ఉన్న నవల పునశ్చరణ ముగించాలి. నలభై ఒక్క జవాబుపత్రాలు దిద్దాలి. హాజరు పట్టిక పూర్తి చేయాలి. తెలుగులో తప్పిన పిల్లల జాబితా ప్రిన్సిపాల్‌కి ఇవ్వాలి. జాబితాకెక్కినవాళ్ళు సోమవారం నుంచి వేరే బ్యాచ్. అక్కడ నవల చెప్పరు, గైడు బట్టీ పట్టిస్తారు.

మేడ్చల్‌లో మాది చిన్న జూనియర్ కాలేజీ. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కణ్ణే, అదీ గైడు పట్టుకునే. అందుకే జవాబుల కీ పక్కన పెట్టుకుని బుద్ధిగా దిద్దాను.

నవల చివర, పొలం కోసం తమ్ముడితో కొట్లాడిన అన్న హద్దురాయి మీద కూర్చుంటాడు. ఆ రాయి దేనికి ప్రతీక అన్నది ప్రశ్న. 'కఠిన హృదయానికి' అంది కీ. ముప్పై మంది అదే రాశారు. అశ్రిత మాత్రం అన్న మారాడని రెండు పేజీలు రాసింది. సున్నా వేశాను. దాంతోనే తప్పింది.

శుక్రవారం పత్రాలు పంచగానే అశ్రిత లేచి నిలబడింది.

"సార్, నన్ను గా బ్యాచ్ల ఎయ్యకుండ్రి. ఆడ నవల చెప్పరు."

"గైడు కొనుక్కుంటె అయిపోవు గదనే! వకీల్ లెక్క లేస్తవేంది?" వెనక బెంచీ నుంచి అభిలాష్. అందరూ నవ్వారు.

"నువ్వు జర సప్పుడు జెయ్యకురా! సార్, మాది శామీర్‌పేట. మా బాపు ప్లాట్లు జేస్తడు. హద్దురాయి పాతేటప్పుడు పసుపు కుంకుమ వెట్టి కొబ్బరికాయ కొడ్తరు. కాలు తాకితె మొక్కుతరు. గసొంటి రాయి మీద ఎవలన్న కూసుంటరా?"

"అయితే?"

"మూడో అధ్యాయంల తమ్ముని కొడుకు గా రాయి మీద కూసుంటె ఈ అన్ననే కొట్టిండు గద! ఇప్పుడు తనే కూసోని తమ్ముణ్ణి పక్కకు రమ్మంటుండు. ఇగ ఆయినకు అది ఉత్త రాయే సార్."

అభిలాష్ గబగబా పేజీలు తిప్పాడు. "అవ్ సార్, కొట్టిండు."

ఆ నవల నాలుగుసార్లు చదివాను. నాకు తట్టలేదు. మాకు భూమి లేదు. హద్దురాయికి మొక్కిన ఇల్లు కాదు మాది.

పత్రం పట్టుకుని ప్రిన్సిపాల్ ఫణిభూషణ్ గారి దగ్గరికి వెళ్ళాను.

"కీలో లేదు కదండీ మాస్టారూ."

"కీ సరిపోదు సార్. నేనూ తప్పు దిద్దాను. అన్నీ మళ్ళీ దిద్దుతాను."

ఆయన రెండు పేజీలూ చదివారు. "సరే, సంతకం మీదే. పబ్లిక్ పరీక్షలో ఎవరు దిద్దుతారో నేను చెప్పలేనండోయ్."

మళ్ళీ దిద్దాను. ఏం రాసినా, నవలలోంచి కారణం చూపితే మార్కులు వేశాను. అశ్రితతో పాటు మరో ఇద్దరు జాబితాలోంచి బయటపడ్డారు. కీలో మాటే రాసి కారణం చూపని అభిలాష్‌కి రెండు తగ్గాయి. "నాకెందుకు సార్?" అంటూ వచ్చి, పుస్తకం తెరిచి నా పక్కనే కూర్చున్నాడు.

మార్చిలో పబ్లిక్ పరీక్ష. దిద్దేవాళ్ళకు పత్రం మీద పేరు కనిపించదు. కీలో లేని జవాబు మీ చేతికొస్తే, కొట్టేసే ముందు శామీర్‌పేట అశ్రితను ఒక్కసారి గుర్తుచేసుకోండి.