ప్లేటులో అత్తగారి గొంతు

ఆస్పత్రి ల్యాబులో పొద్దున్నే మొదటి పని ఇంక్యుబేటరు తలుపు తెరిచి ప్లేట్లు బయటికి తీయడం. వెచ్చగా పెరిగిన సూక్ష్మజీవులు ఎవరి ఒంట్లోంచి వచ్చాయో వాళ్ల గొంతుతోనే మాట్లాడతాయి కాబట్టి ఆ వేళకి అక్కడ సంతలా ఉంటుంది. ప్లేటులో మందు అద్దిన కాగితపు బిళ్లలుంటాయి. ఏ బిళ్ల చుట్టూ నోళ్లు మూతపడితే ఆ మందు పనిచేసినట్టు. ల్యాబు డాక్టరమ్మ చెవి దగ్గర పెట్టుకుని విని రిపోర్టు రాసి పంపేది.

ఆ రోజు ఒక ప్లేటుని మాత్రం దూరం నుంచే గుర్తుపట్టింది. అది ఆమె అత్తగారిది. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షను రక్తంలోకి పాకి, ఆవిడ పై అంతస్తు వార్డులో జ్వరంతో కాగిపోతోంది.

"ఇదా? ఇది నాకెప్పుడో తెలుసు," అంది ప్లేటు మొదటి మందు దగ్గర. "ఇదీ తెలుసు. కొత్తదేమైనా ఉంటే తెండి!"

డాక్టరమ్మకి ఒళ్లు మండింది, భయమూ వేసింది. జలుబు చేసినా, గొంతు నొప్పెట్టినా అత్తగారు యాంటీబయాటిక్ మాత్రలు రెండు వేసుకుని, కాస్త తేలికపడగానే మిగిలినవి పంచదార డబ్బా వెనక దాచేది. సూక్ష్మజీవుల్ని చంపకుండా మందు కాస్త కాస్త రుచి చూపిస్తుంటే, దాన్ని తట్టుకోవడం అవి నేర్చుకోక ఏం చేస్తాయి?

ఒక్క బిళ్ల దగ్గర మాత్రం చడీచప్పుడూ లేదు. కిడ్నీలకి మంచిది కాదని డాక్టర్లు పక్కన పెట్టేసిన పాత మందు. రోజూ రక్తపరీక్షలు చేస్తూ అదే సెలైన్‌లో ఎక్కించారు. దీన్నీ అవి నేర్చుకుంటే ఇక ఇవ్వడానికి ఏమీ లేదు.

జ్వరం దిగింది. దిగీ దిగగానే అత్తగారు సూది పీకేయమంది.

"తగ్గిపోయిందిగా! ఇంటికి పోదాం పద. మిగతా సీసాలు దాచిపెట్టు, ఎవరికైనా పనికొస్తాయి."

"సగంలో ఆపితే మళ్లీ తిరగబడుతుంది అత్తయ్యా. ఈసారి మందుండదు."

"నా ఒంటి సంగతి నాకు తెలీదా?"

"అమ్మ ఎవరి మాటా వినదు," అని కొడుకు చేతులెత్తేశాడు.

కోడలు విసవిసా కిందికి దిగి, ముందు రోజు తీసిన నమూనా ప్లేటు దగ్గర ఫోను పెట్టి రికార్డు చేసుకొచ్చింది. వార్డులో అందరికీ వినపడేలా పెట్టింది.

ఫోనులో అదే గొంతు, కాస్త నీరసంగా: "కదలకండి పిల్లలూ, ఇంకొక్క పూట ఓపిక పట్టండి. ఆవిడ మానేస్తుంది. ఏ పనైనా చివరిదాకా చేసిన మొహమేనా అది?"

అత్తగారి మొహం కందగడ్డయింది. జన్మలో ఆవిడని అంత మాట అన్నవాళ్లు లేరు.

"ఎవర్నే అంటోంది అది? నన్నే?" సూది ఉన్న చేతిని నర్సు వైపు చాపింది. "ఎక్కించమ్మా, ఎక్కించు. చుక్క మిగలడానికి వీల్లేదు!"

మందంతా పూర్తయ్యాక తీసిన ప్లేటుని కోడలు చెవికి ఆనించుకుని చాలాసేపు వింది. ఏమీ లేదు. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అప్పుడే మెట్ల మీదుగా అత్తగారి గొంతు కిందిదాకా వినిపించింది. మాత్రలు సగంలో ఆపేసినందుకు పక్క మంచం ఆవిడని కడిగేస్తోంది.