కంప్యూటర్‌లో దుమ్ము

ఢిల్లీరావు ఆ ఉదయమే పలాసలో రైలెక్కాడు. గుజరాత్‌లో పడవల మీద పని. మళ్లీ ఇంటి మొహం చూసేది ఎనిమిది నెలలకు. అక్కడికి చేరి ఫోన్ చేయడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ భావనపాడులోని ఆ ఇంట్లో ఎవరూ చీపురు ముట్టుకోకూడదు. వెళ్లినవాళ్లు ఊరు దాటితే చాలు, తుడుచుకోవచ్చని వాడలో అంతా అంటారు. అతని తల్లి బంగారమ్మకు మాత్రం ‘చేరానమ్మా’ అన్న మాట చెవిన పడాలి.

అలాంటి ఇంట్లో, మధ్యాహ్నం అన్నాలయ్యాక, మనవరాలు ఇందు స్క్రూడ్రైవర్ పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

“ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు?”

“రేపు పదింటికి ఉజ్జోగం పరీక్ష మామ్మా. ఇంట్లో కూర్సునే రాయాలి. ఇదేమో లెగడానికే ఇరవై నిమిషాలు తీసుకుంతంది. లెగిసినా మధ్యలో ఆగిపోతంది.”

టెక్కలిలో ఒక ఇంటర్నెట్ షాపు మూసేస్తుంటే ఢిల్లీరావు కొనుక్కొచ్చిన కంప్యూటర్ అది. అప్పటికే పాతది. మీట నొక్కితే గుర్రుమని, తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. ఆ చుక్కలు ఆగేలోపు బంగారమ్మ బియ్యం ఏరి, కడిగి, పొయ్యి మీద పెట్టేసేది.

“దీంతోపాటు పదమూడు ప్రోగ్రాములు లెగుత్తన్నాయి. అక్కర్లేనివి పడుకోబెడతాను,” అంది ఇందు.

“పడుకోబెట్టు. పెళ్లింట్లో అందరూ ఒక్కపాలే లెగిసి నీళ్లకాడ తోసుకుంతే పనెలగవుద్ది?”

పది పడుకున్నాయి. ఇరవై నిమిషాలు కాస్తా పన్నెండయ్యాయి. ఇందు మురిసిపోయేలోపే లోపలి ఫ్యాన్ హోరెత్తి, ఠక్కున తెర నల్లబడింది. పెట్టె మీద చెయ్యి వేసి చురుక్కుమనగానే తీసేసింది.

“లోపల దుమ్ము పేరుకుపోనాది. గాలాడక వేడెక్కిపోతంది. ఇప్పి తుడవాల.”

తుడవడం అన్న మాట వినగానే బంగారమ్మ వచ్చి పెట్టెకు అడ్డంగా నిలబడింది.

“మీ నాన్న ఫోన్ వచ్చేదాకా తుడుపూ నేదు, దులుపూ నేదు.”

“ఓలమ్మ! ఇది ఇల్లేటి మామ్మా? కంప్యూటరు.”

“ఇంట్లోనే కదే ఉంది.”

“మూడేళ్ల దుమ్మిది. నాన్న ఎల్లింది పొద్దున్న.”

“నిన్నంతా దీని ముందే కూర్సున్నాడు. ఆడి కాళ్ల దుమ్ము అందులోకి ఎల్లనేదా?”

ఇందు పకపకా నవ్వింది. “పోనీ నాన్నకే ఫోన్ సేసి అడుగుదాం.”

“ఎల్లినోడిని ఎనకనుంచి పిలుత్తావేటే? ఫోన్లో ఐతే మాత్రం?”

“మరి నా పరీక్ష?”

బంగారమ్మ గోడవైపు చూస్తూ మెల్లగా అంది. “మీ తాత ఆకరిపాలి వేటకెల్లిన పూట నాను వాకిలి తుడిసీసాను. సుట్టాలొత్తన్నారని తొందర. పడవింకా కంటికి ఆనుతానే ఉంది.”

తాత అసిరయ్య పడవ తిరిగి రాలేదని ఇందుకు తెలుసు. చీపురు సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. పదేళ్లలో బంగారమ్మ ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఇందు నవ్వు ఆపేసింది. స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. “ఒద్దులే మామ్మా. ఎలగో ఇలగే రాసేత్తాను.”

వాదించి ఉంటే బంగారమ్మ ఇంకా గట్టిగా నిలబడేది. ఇలా వదిలేసుకుంటే తట్టుకోలేకపోయింది. పిల్ల నెలల తరబడి చదివింది. రేపు ఆ తెర నల్లబడితే, ఆ పాపం కూడా తనకే చుట్టుకోదూ? లోపలికి వెళ్లి పాత నూలుచీర తెచ్చి నేల మీద నాలుగు మడతలుగా పరిచింది.

“పెట్టె దీని మీదెట్టి ఇప్పు. దుమ్ము పెట్టెలోంచి రానీ. ఇంట్లోంచి మాత్రం ఎల్లకూడదు.”

ఇందు తెచ్చుకున్న రంగుల బ్రష్ తనే తీసుకుంది. “ఊదకు!” అని ముందే ఇందు నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. వలలు అల్లిన ఆ వేళ్లు ఫ్యాను రెక్కల సందుల్లోంచి దుమ్మును పోగు పోగుగా లాగాయి. బూడిదరంగు దూది, కొబ్బరి పీచు, సన్నని ఇసుక, ఎలా చేరిందో ఒక చేప పొలుసు. ఇందు మెమరీ ముక్క ఊడదీసి, ఉప్పుగాలికి మసకబారిన అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దింది. రబ్బరు పొట్టు కూడా చీర మీదే పడాలని బంగారమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని లాగింది.

“మామ్మా, రబ్బరు నాన్నది కాదు!”

“నువ్వు నోర్మూసుకో.”

చీర మూటగట్టి గూట్లో పెట్టాకే మీట నొక్కనిచ్చింది. నాలుగు నిమిషాల్లో తెర వెలిగింది. గంటసేపు కాపలా కాశారు, ఆగలేదు.

“ముసిల్ది గుంటయిపోనాదే! నన్నూ ఓపాలి ఇప్పి దులపరాదా?”

“నిన్ను నాన్న ఫోన్ వచ్చాక దులుపుతాన్లే.”

బంగారమ్మ నవ్వుకుంటూ టీ పెట్టడానికి వెళ్లింది. గ్లాసులతో తిరిగి వచ్చేసరికి ఇందు కుర్చీలో లేదు. బల్ల కింద మోకాళ్ల మీద ఉంది, ఒక చేతిలో ఫోన్ లైటు. తడి చేసుకున్న వేలికొసతో నేల మీంచి ఏదో అద్ది తీసి, లేచి వెళ్లి గూట్లోని మూట విప్పి అందులో రాల్చింది. మళ్లీ ముడి బిగించింది.

“దుమ్ము నలకొకటుండిపోనాది మామ్మా. బల్ల కాలికాడ.”

బంగారమ్మ గ్లాసులు బల్ల మీద పెట్టి, తనూ నేల మీద చతికిలబడి రెండోవైపు వెతకసాగింది.