ఒకే తాను, మూడు కొలతలు

ఆదివారం పొద్దున కాఫీ అవగానే ఆమె బల్ల మీద గుడ్డ పరిచి, టేపు మెడలో వేసుకుని ఫోన్ అందుకునేది. వారమంతా దుకాణంలో ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు పొట్టి చేసే మనిషికి కన్నకూతురికి కుట్టే తీరిక ఆ ఒక్కపూటే. ఒకే తాను, ఒకే రకం గౌను, కొలతలు మాత్రం మూడు. ఎందుకంటే ఆమె కూతురు చిట్టి మూడు దేశాల్లో పెరుగుతోంది.

ఇందులో వింతేమీ లేదు. పిల్లలున్నవాళ్ళు దేశం మారితే, ఖాళీ చేసిన ఇంట్లో గోడకి నాలుగు మేకులూ, గుమ్మంలో ఒక పాపా మిగిలిపోవడం మామూలే. ఒక్క పిల్లే ఇద్దరవుతుంది. బ్యాగు తగిలించుకున్న పిల్ల అమ్మానాన్నలతో వెళ్ళిపోతుంది. వెళ్ళనన్న పిల్ల అక్కడే ఉండిపోతుంది. ఇరుగుపొరుగు ఎవరో చేరదీస్తారు. పెద్దవాళ్ళు మాత్రం అలా మిగలరు. వాళ్ళ మనసు మనిషికన్నా ముందే విమానమెక్కి కూర్చుంటుంది మరి.

మొదటి చిట్టి పుట్టిన దేశంలోనే, ఇంటి ఓనరమ్మ దగ్గర ఉంది. అక్కడి గాలికి దానికి ఏడాది పొడుగునా దగ్గే. అయినా సందు నిండా పిల్లలు. అది నవ్విందంటే ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవాలి. రెండో చిట్టి స్కూలు బస్సు నడిపే ఆవిడ ఇంట్లో ఉంది. చదువు, వైద్యం అన్నీ ఉచితమైన దేశం. ఈత కొట్టి కొట్టి ముగ్గురిలోకీ అదే పొడుగు సాగింది. కాకపోతే తల్లితో కూడా పక్కింటావిడతో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడుతుంది. మూడోది వీళ్ళ దగ్గరే ఉంది.

చిట్టి నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆమె కొలతలు రాసుకుంటుంటే పక్కన చేరి దేశాలకు మార్కులు వేసేవాడు. రెండోదాని పొడవు విని, అక్కడి పాలే వేరు, తొందరపడి వచ్చేశామని చేతులు నలుపుకునేవాడు. మొదటిదాని దగ్గు వినిపిస్తే బతికిపోయామనేవాడు. కొత్త దేశంలో కాలుపెట్టిన కొన్నాళ్ళు పొగడ్తలే పొగడ్తలు, ఆ తర్వాత సణుగుడు. ఈ దేశంలో వీధులు భద్రమే గానీ ఆస్పత్రికి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలట. అందుకని నాలుగో దేశంలో ఉద్యోగం చూసుకున్నాడు. అక్కడ ప్రతి వీధికీ పిల్లల డాక్టరు, స్కూల్లో హోంవర్కే ఉండదు. పెంచితే అలాంటి చోట పెంచాలని సంబరపడిపోయాడు.

చెడ్డవాడేం కాదు పాపం. చిన్నప్పుడు జ్వరమొస్తే చూపించడానికి డాక్టరు లేక తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు. ఎక్కడికెళ్ళినా ఆయన కళ్ళు ముందు ఆస్పత్రినే వెతుకుతాయి.

నాలుగో దేశం మాట ఆమెకు మింగుడు పడలేదు. ఆయనకు పట్టని సంగతి ఒకటి ఆమె గమనిస్తూనే ఉంది. బయల్దేరిన ప్రతిసారీ తమ వెంట వచ్చే చిట్టి ఏదో ఒకటి వదిలేసి వస్తోంది. మొదటిసారి ఆ నవ్వు అక్కడే ఉండిపోయింది. రెండోసారి ఈత. ఇక్కడి కొలనులో దింపితే పిల్ల రాయిలా మునిగిపోయింది. చాలాకాలం ముడుచుకుని ఉన్నది, కింద వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన కూతురితో స్నేహం కుదిరాక ఈ మధ్యే గలగలా మాట్లాడుతోంది.

"ఇప్పుడు వెళ్తే దాని మాట ఇక్కడే ఉండిపోతుందండీ," అంది.

"సర్దుకుంటుందిలే. ఇదంతా ఎవరి కోసం? పాప కోసమే కదా."

"ఏ పాప కోసం?"

ఆయన వెళ్ళి టికెట్లు కొన్నాడు.

వెళ్ళేరోజు సామాను కారెక్కింది. తాళం వేసి వద్దామని ఆమె పైకి వచ్చేసరికి, అనుకున్నట్టే ఖాళీ గదిలో చెప్పుల్లేకుండా చిట్టి నిలబడి ఉంది. కింద కారులో బ్యాగుతో ఇంకో చిట్టి. గడియారాలాయన భార్య గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"నేను చూసుకుంటాగా వదినా, నువ్వు బయల్దేరు," అంది.

ఇదివరకు ఈ ఘడియలో ఆమె వెనక్కి తిరక్కుండా మెట్లు దిగిపోయేది. తిరిగితే దిగలేనని తెలుసు. ఈసారి మెడలో టేపు ఉండిపోయింది. ఒక్క కొలత తీసుకుని వెళ్దామని కూర్చుని, నిటారుగా నిలబడమంది. చిట్టి నిలబడింది గానీ నోరు ఆగలేదు. స్నేహితురాలి పన్ను ఊగుతోందనీ, రేపో మాపో ఊడుతుందనీ, అది తనకే ఇస్తానందనీ చెప్పుకుపోతోంది. ఆమె టేపు పట్టుకుని అలా వింటూ ఉండిపోయింది.

కింద కారు కదిలిన చప్పుడైంది. కిటికీ దగ్గరికి పరుగెత్తి చూస్తే, వెనక సీట్లో తనే కూర్చుని ఉంది, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, పక్కన చిట్టి. ముందు సీట్లోంచి ఆయన తల బయటికి పెట్టి పైకి చూశాడు. కిటికీలో ఉన్న ఆమెను చూడగానే ముఖం పాలిపోయింది. మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఆమె గోడకి చేరగిలబడింది. భయమేసింది. ఆ వెళ్ళిన మనిషి మీద జాలేసింది. భయమూ జాలీ ఎంత ఉన్నా, ఎన్నేళ్ళకో గుండెల మీంచి బరువు దిగింది.

"అయితే తాళాలు ఇవ్వకు, ఓనరుతో మా ఆయన మాట్లాడతాడు," అని గడియారాలాయన భార్య వంట చూసుకోవడానికి కిందికి వెళ్ళిపోయింది.

ఆదివారం ఆమె గుడ్డ పరిచేలోపే ఫోన్ మోగింది. అవతల తన గొంతే, బాగా అలిసిపోయి ఉంది.

"ఎలా ఉంది అక్కడ?" అనడిగింది ఆమె.

"ఆయన చెప్పినట్టే ఉంది. ఆస్పత్రి వీధి చివరే. పిల్లలు చెట్లకింద ఆడుకుంటారు. మన చిట్టే, దిగినప్పట్నుంచీ నోరు విప్పలేదు."

ముందే అనుకున్నాం కదా అని ఎవర్ని దెప్పుతుంది? ఫోన్ చిట్టికిచ్చి, అవతలి ఫోన్ అక్కడి చిట్టి చెవి దగ్గర పెట్టమంది. చిట్టి బల్ల కిందికి దూరి, ఊడిన పన్ను కథంతా చెప్పింది. మధ్యమధ్యలో ఆగి ఎదురుచూసింది. మళ్ళీ మొదలుపెట్టింది.

"ఊఁ అందమ్మా," అని చివరికి ఫోన్ తిరిగిచ్చింది.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "దాన్ని తీసుకుని వచ్చెయ్యి. మిగతా ఇద్దర్నీ కూడా ఇక్కడికే పిలిపిస్తాను."

అవతల తను గొంతు బాగా తగ్గించి, "మరి ఈయన?" అంది.

"గుమ్మంలో నిలబెట్టి, వస్తావా ఉంటావా అని అడుగు. ఒక్కడైనా వస్తాడు."