చెత్త అని పేరున్న భాగం

అక్క పోయిన ఎనిమిది నెలలకు బావ ఆమె కంప్యూటర్‌ను తమ్ముడికి అప్పగించాడు. "పాప చదువుకి పనికొస్తుంది, కాస్త ఖాళీ చేసిపెట్టు" అన్నాడు. తమ్ముడు ప్రెస్సులో పేజీలు కూర్చే మనిషి, ఇలాంటి పనుల్లో చేయి తిరిగినవాడు. ఇంటిల్లిపాదీ అలాగే అనుకునేవారు. పాపం, అతనూ అనుకునేవాడు.

హార్డ్ డిస్క్‌ను భాగాలు చేసే, ఉచితంగా దొరికే పార్టిషన్ సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొచ్చాడు. తెరమీద హార్డ్ డిస్క్ మూడు గదుల పట్టీలా కనిపించింది. మొదటిది సిస్టమ్. రెండోది "ఇల్లు". మూడోదాని పేరు "చెత్త". దాన్ని తీసెయ్యమన్నాడు. ఈ సాఫ్ట్‌వేర్‌కు ఒక మంచి గుణం ఉంది. చెప్పిన పని వెంటనే చేసెయ్యదు, జాబితాలో రాసుకుని టిక్కు నొక్కేదాకా ఓపిగ్గా కూర్చుంటుంది. నొక్కాక కూడా, డేటా పోవచ్చు, సరేనా అని అడుగుతుంది. చెత్త పోతే ఎవరికి నష్టమని అతను సరే అన్నాడు. "ఇల్లు"ను ఆ మేరకు పెంచి, దాన్నిండా పాఠాల వీడియోలు నింపాడు.

సాయంత్రం మేనకోడలు బడినుంచి వచ్చి కుర్చీ లాక్కుంది.

"మామయ్యా, అమ్మ పాటలు పెట్టవా?"

"ఏ పాటలమ్మా?"

"చెత్తలో ఉంటాయిగా. రోజూ ఒకటి పాడి దాచేది. ఆ పేరు నువ్వే పెట్టావంట."

చిన్నప్పుడు అక్క పాటకు గొంతెత్తితే చాలు, అతను "మొదలెట్టింది చెత్త" అని చెవులు మూసుకునేవాడు. అక్కకు కోపం వచ్చేది కాదు. ఆ మాటను ముద్దుపేరులా ఉంచేసుకుంది. అదతనికి తెలుసు. తెలిసీ మరిచిపోయాడు.

"అమ్మ ఫోన్లో లేవా?"

"ఫోన్లో చోటు లేదని ఇందులోనే పెట్టేది."

పోయిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేరూ ఉచితమే. పాప హోంవర్కు ముగిసేలోగా అది నూట పన్నెండు పేర్లు వెలికితీసింది. ఒకదాని పేరు "తమ్ముడి కోసం, వినడులే". అతను దాన్నే నొక్కాడు. స్పీకర్‌లోంచి గరగరమని మోత వచ్చింది. తక్కినవీ అంతే. పేర్లు మిగిలాయి గానీ, పాటలున్న చోట అతను నింపిన పాఠాలున్నాయి. ఇక చేయగలిగిందేమీ లేదని అతనికి అర్థమైంది.

పాప స్పీకర్‌కు చెవి ఆనించింది. "అమ్మేనా?"

అబద్ధం నాలుకదాకా వచ్చింది.

"కాదమ్మా. నేను చెరిపేశాను."

పాప చెవి తీయలేదు. "ఉండు మామయ్యా, ఇంకాసేపు విందాం" అంది.