ముందు రగతం సూడండి

లక్ష్మణమ్మ వరసలోనే కూలబడిపోయింది. పెద్దాసుపత్రిలో హెచ్ఐవీ మందులిచ్చే కిటికీ ముందు, అంతమంది జనంలో, ఒక్కరంటే ఒక్కరు వంగి పట్టుకోలేదు. పట్టుకుంటే పరిచయం బయటపడుతుంది మరి! ఆ వరస పద్ధతే అంత. ఎరిగినవాళ్ళ కంటబడకూడదని దగ్గర ఆసుపత్రి వదిలేసి ఊళ్ళు దాటి వస్తారు. ముక్కు మీదదాకా కొంగులూ తువ్వాళ్ళూ చుట్టుకుంటారు. ఒకే ఊరివాళ్ళు ఎదురుపడితే చెరో గోడవైపూ తిరిగిపోతారు.

కూర్మమ్మ కూడా అలాగే తిరిగింది. ఇద్దరిదీ ఒకే పేట. ఒకే రేవులో చేపల బుట్టలెత్తి, ఒకే ఆటోలో నరసన్నపేట సంతకి పోయే జట్టు. అయినా తిరిగింది. ఆ మరుక్షణం తనమీద తనకే రోత పుట్టింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా! కొంగు లాగేసి కింద కూర్చుంది.

"ఒలే, ఏటయ్యిందే? కాళ్ళేటి ఇలా పొంగిపోనాయి?"

"తెల్దప్పా. ఒంటేలు కూడా సరిగ్గా అవట్నేదు."

కిటికీ లోపల తిరుమలరావు మందుల సీసాని చెక్క స్కేలుతో బయటికి తోస్తున్నాడు. చేతులకి గ్లౌజులున్నా సరే, స్కేలే! "ఏయ్, అడ్డం లేవండి! డ్రామాలు బయటేసుకోండి" అని కసిరాడు.

రోగులకి మంచీచెడూ చెప్పే కౌన్సిలర్ భారతి పరుగెత్తుకొచ్చింది. లక్ష్మణమ్మ పాదం మీద వేలితో నొక్కింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది. భారతి మొహం పాలిపోయింది.

"ఈ మందు ప్రాణం నిలబెడుతుందమ్మా. కానీ కొందరికి కిడ్నీల మీద పడొచ్చు. అందుకే మధ్యమధ్యన రక్తం చూడాలి. తేడా వస్తే మందు మార్చాలి. ఇక్కడ పరీక్ష చేసే మిషను మూలపడి చాలాకాలమైంది. చూడకుండానే ఇచ్చేస్తున్నాం."

ఇంటికో డయాలసిస్ రోగి ఉండే ఉద్దానం పక్కన పుట్టినవాళ్ళకి కిడ్నీ అన్నమాట విడమరిచి చెప్పాలా?

ఇంతలో డాక్టరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. "నొప్పుల బిళ్ళలు మింగావా?"

"బుట్ట మోసి నడుం పడిపోతే ఊళ్ళో ఆరెంపీ డాట్రు కాడ మింగినాను బావూ."

"వాడికి ఈ జబ్బు సంగతి చెప్పావా?"

"సెప్తే నా సేప ఎవులు కొంటారు?"

"చూశారా! ఆ బిళ్ళలూ ఈ మందూ కలిస్తే కిడ్నీలు మిగుల్తాయా? తప్పంతా వీళ్ళదే. బయట ల్యాబులో పరీక్ష చేయించుకుని రేపు రా, పో."

వరసలో అందరూ తలలు దించుకున్నారు. ఆ బిళ్ళలు మింగనివాళ్ళెవరు? కూర్మమ్మా మింగింది.

రాజాం కుర్రాడు పోతురాజు తన సీసా నేలకేసి కొట్టాడు. "కిడ్నీలు తినీసే మందు నాకొద్దు! మానేస్తన్నాను!"

సాలూరు లారీ డ్రైవరు దాలయ్య ఆ సీసా ఏరి మళ్ళీ వాడి చేతిలో కుక్కాడు. "ఒరే, మానేస్తే సచ్చేది నువ్వే. ఆడికేటి నష్టం? నాను లారీ మీద తిరిగిన ఊళ్ళల్లో ముందు రగతం సూస్తారు, తరవాతే సీసా ఇస్తారు. మందు మనకి శత్రువు కాదురా. మనల్ని మడుసుల్లా సూడనోడే శత్రువు."

"గొడవ సేస్తే మొహాలు బయటపడిపోతాయి, మా కోడలు గుమ్మం ఎక్కనివ్వదు" అని ఒకామె ఏడ్చింది.

కూర్మమ్మ లేచింది. "దాసుకుని ఏటి బాగుపడ్డామే? దాసుకోబట్టే ఆరెంపీ కాడ తప్పు మందు మింగినాం. దాసుకోబట్టే ఈడు కుక్కకి తోసినట్టు తోసినా నోరెత్తనేదు. డాట్రుబావూ, ఆ బిళ్ళలు మింగకూడదని ఒక్కపాలైనా సెప్పినారా మాకు? తప్పు మాదంట! థూ!" ఉమ్మేసింది. రేపట్నుంచి తన బుట్ట దగ్గరికి ఎవరూ రారని తెలుసు. తెలిసే ఉమ్మింది.

దుప్పటిలో లక్ష్మణమ్మని మోసుకెళ్ళి, డాక్టరు కారు కదలకుండా గేటుకి అడ్డంగా కూర్చున్నారు. "ఈమెని సేర్సుకోండి! ముందు రగతం సూడండి!" ఓపీకి వచ్చిన కూలీలు నిలబడి చూశారు. డయాలసిస్ వార్డునుంచి మొగుళ్ళనీ కొడుకులనీ వదిలి ఆడవాళ్ళు వచ్చి పక్కన కూర్చున్నారు.

పోలీసు వ్యాను వచ్చింది. "ఎత్తి పారెయ్యండ్రా!" అని ఎస్సై అరిచాడు. కానిస్టేబుళ్ళు రెండడుగులేసి ఆగిపోయారు. మొహమొహాలు చూసుకున్నారు.

"సార్... గ్లౌజులు..."

"గ్లౌజులు స్టాకు లేవండి" అన్నాడు, గొడవ చూడ్డానికి గేటుదాకా వచ్చిన తిరుమలరావు. అందరి చూపులూ అతని చేతుల మీద పడ్డాయి. చటుక్కున వెనక్కి దాచేసుకున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గేటు గేటంతా నవ్వింది.

"రండి బావూ, ఎత్తండి!" కూర్మమ్మ చేతులు చాపింది. "ముట్టుకుంటే అంటుకోదని మీ గోడల మీద మీరే రాసినారు కదా? రండి! మీ అసయ్యమే ఇయ్యాల మాకు కాపలా!"

ఒక తువ్వాలు జారింది. తర్వాత ఒక కొంగు. తర్వాత లెక్కలేదు.

పొద్దు వాలేముందు స్ట్రెచర్ వచ్చింది. వార్డుబాయ్‌లు దూరంగా నిలబడ్డారు. భారతి ఉత్త చేతులతో ఒక కొస పట్టుకుంది, దాలయ్య ఇంకో కొస. లక్ష్మణమ్మ లోపలికి వెళ్ళింది.

"చేర్చుకున్నాం కదా, ఇక లేవండి" అన్నాడు డాక్టరు.

"మిషను బాగుసెయ్యండి. మా అందరి రగతం సూడండి. అప్పుడు లేస్తాం."

ఎస్సై కాయితం తీశాడు. "కేసు పెడతాను. మీ ఊళ్ళో అందరికీ తెలిసిపోద్ది. నీ పేరేంటే?"

సంతలో బుట్టా, దాని చుట్టూ మూగే జనమూ కూర్మమ్మ కళ్ళముందు మెదిలాయి. అయినా సంతలో అరిచినంత గట్టిగానే చెప్పింది.

"కూర్మమ్మ. రాసుకో. ఊరు కూడా సెప్తాను, రాసుకో."

ఎస్సై తల వంచి రాసి, ఎత్తేసరికి ఎదురుగా పోతురాజు నిలబడి ఉన్నాడు. "నాది రాజాం సార్. పోతురాజు." వాడి వెనక, కోడలి గుమ్మం గురించి ఏడ్చినామె. ఆమె వెనక ఇంకా జనం.

స్ట్రెచర్ దించి వచ్చిన దాలయ్య అక్కణ్ణుంచే కేకేశాడు.

"ఒరే, తోసుకోకండిరా! అందరి పేర్లూ రాస్తారు!"